ఖాళీ గడిలోనే లెక్క

ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే వారికి ముందుగా ఒంటబట్టే సూత్రం ఒకటుంది: వేగం కావాలంటే మెమరీ వదులుకోవాలి, మెమరీ మిగలాలంటే వేగం వదులుకోవాలి. ఇది సగమే నిజం. కరీంనగర్‌లో ఎవరి జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ తీసినా లోపల నడిచేది లినక్స్ కెర్నెలే. ఆ కెర్నెల్ తన మెమరీని పంచుకునే తీరు చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

కెర్నెల్‌కు మెమరీ సాధారణంగా 4096 బైట్ల పేజీలుగా అందుతుంది, కావలసినవేమో చిన్న ముక్కలు. తెరిచిన ఫైలు పేరు గుర్తుంచుకోవడానికి డెంట్రీ అనే రికార్డు ఉంటుంది. 64 బిట్ యంత్రాల్లో సాధారణంగా దాని సైజు 192 బైట్లు. 128, 256, 512 అంటూ రెట్టింపయ్యే సైజుల్లోనే కోస్తే దానికి 256 ఇవ్వాలి, పేజీకి 16 పడతాయి. 1994లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు జెఫ్ బాన్‌విక్ ప్రకటించిన ‘స్లాబ్’ పద్ధతిలో ఒక్కో రకం రికార్డుకు విడి పేజీలు. అప్పుడు పేజీకి 21 గడులు పడతాయి, మిగిలేది 64 బైట్లే. ఒకటి ఖాళీ చేసిన గడి అదే రకం రికార్డుకు సరిగ్గా సరిపోతుంది కాబట్టి వెతుకులాటా తప్పింది. మెమరీ మిగిలింది, వేగమూ పెరిగింది.

లినక్స్ ఈ పద్ధతినే తీసుకుని, ఏ గడులు ఖాళీగా ఉన్నాయో ప్రాసెసర్‌కొక చిట్టా పెట్టింది. వెయ్యి ప్రాసెసర్ల యంత్రాల్లో ఆ చిట్టాలే గిగాబైట్లు తినేస్తున్నాయని 2007లో ఎస్‌జీఐ ఇంజినీరు క్రిస్టాఫ్ లామెటర్ ఎత్తిచూపి, ‘స్లబ్’ రాశాడు. అందులోని కిటుకు చిన్నదే: తర్వాతి ఖాళీ గడి చిరునామాను ఈ ఖాళీ గడిలోనే రాయడం. ఖాళీ ఇంటికి కట్టిన టు-లెట్ బోర్డు మీదే తర్వాతి ఖాళీ ఇంటి నంబరు రాసినట్టు. అద్దెకు మనిషి దిగగానే ఆ బోర్డుతో పని తీరిపోతుంది. లెక్కకు వేరే చోటు అక్కర్లేదు.

మెమరీ, వేగం రెండూ ఒకేసారి దక్కుతాయన్న మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. మాట్ మకాల్ రాసిన ‘స్లోబ్’ అనే మరో పద్ధతి మెమరీని ఇంకా పొదుపుగా వాడేది కదా అనవచ్చు. నిజమే, కానీ అది ప్రతిసారీ సరిపడే ఖాళీ కోసం జాబితా వెంట వెతికేది. ముక్కలు ఇరికించి చేసే పొదుపుకు సమయం ఖర్చవుతుంది. అనవసరపు లెక్కలు తీసేసి చేసే పొదుపుకు ఖర్చవదు. ర్యామ్ చవకే కదా అంటారు. ప్రాసెసర్ మెమరీని సాధారణంగా 64 బైట్ల చొప్పున తన క్యాష్‌లోకి తెచ్చుకుంటుంది. అక్కడ పనికిరాని బైట్లు చేరితే పనికొచ్చేవి బయటికి పోతాయి, కాబట్టి వృథా వేగాన్నీ తగ్గిస్తుంది. భద్రత మాటేమిటన్న ప్రశ్న మాత్రం గట్టిది. విడిచిపెట్టిన గడిలో కెర్నెల్‌లోని ఏ తప్పుడు కోడో రాస్తే లోపలి చిరునామా చెడుతుంది. అందుకే ఆ చిరునామాను రహస్య సంఖ్యతో కలిపి దాచే ఏర్పాటు 2017లో వచ్చింది. దానికి కొద్దిపాటి సమయం చెల్లించక తప్పదు.

ఆ తర్వాత కథ చకచకా నడిచింది. 2023లో స్లోబ్‌నూ, 2024లో పాత స్లాబ్‌నూ లినక్స్ నుంచి తీసేశారు. చిన్న పరికరాలకూ ఇప్పుడు స్లబ్‌లోనే పొదుపైన రూపం ఉంది. బాసర ట్రిపుల్ ఐటీలోనో, జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీలోనో లినక్స్ కంప్యూటర్ దొరికితే టెర్మినల్‌లో ‘సుడో స్లాబ్‌టాప్’ కొట్టి డెంట్రీ వరుస చూడండి. ఒకేసారి గడులుగా కోసే పేజీల కట్టనూ స్లాబ్ అనే అంటారు; ఆ కట్టకు ఒక పేజీ అయితే 21, రెండు పేజీలైతే 42 కనిపిస్తాయి. ఎందుకో కాగితం మీద భాగించి చూసుకోండి.