పెట్టెలోని పతకం

కడప జిల్లాలో దువ్వూరు ఒక మండలం. కర్నూలు నుంచి కడపకు పోయే పెద్దరోడ్డు ఈ ఊరి మీదుగా పోతుంది. కె.సి. కాలువ నీళ్లతో వరి, పసుపు పండిస్తారు. ఇక్కడివాళ్లకు ప్రొద్దుటూరు తెలుసు, మైదుకూరు తెలుసు. బర్మా ఎక్కడుంది, బస్రా ఎక్కడుంది అని అడిగితే చాలామంది నవ్వుతారు. ఆ ఊళ్లతో మనకేం పని అంటారు. కానీ కడప జిల్లా పల్లెల నుంచి కూడా మనుషులు పటాలంలో చేరి ఆ దూరదేశాలకు పోయారు. కొందరు తిరిగి వచ్చారు. కొందరు రాలేదు.

ఒక ఇంటి సంగతి అనుకుందాం. ఆ ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారు. కోడలు రాత్రిబడికి పోయి చదువు నేర్చుకుంది. ఉగాది దగ్గర పడింది. గోడలకు సున్నం కొట్టాలని సామాను బయట పెడుతున్నారు. ట్రంకు పెట్టె అడుగున ఒక గుడ్డమూట కనిపించింది. విప్పి చూస్తే నక్షత్రం మాదిరి ఒక బిళ్ల. ఆరు మొనలు ఉన్నాయి. దానికి చివికిపోయిన రంగుల పట్టీ ఉంది.

"ఇదేంది అత్తా?" అంది కోడలు.

"మా నాయనది మే. యుద్ధానికి పోయొచ్చినందుకు ఇచ్చినారంట. వెండిదేమోనని ఒకసారి ప్రొద్దుటూరు అంగడికి తీసకపోయినాం. గీటురాయి మీద గీసి, వెండి కాదు పోండి అన్యాడు. అప్పటినుంచి పెట్టెలోనే పడుంది."

కోడలు దాన్ని చీరకొంగుతో తుడిచింది. మీద ఉన్న అక్షరాలు ఇంగ్లీషువి. అవి ఆమెకు రావు. అంకెలు మాత్రం వచ్చు. కూడబలుక్కుని చదివింది. 1939. తర్వాత 1945.

అవి రెండో ప్రపంచ యుద్ధం జరిగిన సంవత్సరాలు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది పనిచేశారు. అప్పుడు మన దేశం ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉంది. మన వైపు ఊళ్లు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1942లో జపాను సైన్యం బర్మాను పట్టుకుంది. 1944లో మణిపూర్‌లోని ఇంఫాల్ దాకా, నాగాకొండల్లోని కోహిమా దాకా వచ్చింది. అక్కడ పెద్ద పోరు జరిగింది. జపాను సైన్యం వెనక్కి తగ్గింది. 1945 మే నెలలో రంగూన్ మళ్లీ చేతికి వచ్చింది. ఈ పోరాటంలో తుపాకి పట్టినవాళ్లు ఎంతమందో, రోడ్లు వేసినవాళ్లు, వంతెనలు కట్టినవాళ్లు, బరువులు మోసినవాళ్లు, వంట చేసినవాళ్లు, లారీలు తోలినవాళ్లు అంతమంది. మద్రాసు రాష్ట్రం నుంచి పోయినవాళ్లలో ఇట్లాంటి పనులు చేసినవాళ్లు చాలామంది. యుద్ధమంటే తుపాకి ఒక్కటే అనుకుంటే వాళ్లంతా లెక్కలోకి రారు.

వీళ్లంతా ఇష్టపడి చేరినవాళ్లని పుస్తకాల్లో రాస్తారు. బలవంతపు భర్తీ లేదు, నిజమే. కానీ సీమలో వాన పడని ఏడు ఇంట్లో గింజ ఉండదు. పటాలంలో తిండి పెడతారు, బట్టలు ఇస్తారు, నెల జీతం ఇంటికి మనియార్డరు వస్తుంది. అది చూసి పోయినవాడి ఇష్టం ఎంత, ఆకలి ఎంత అన్నది ఎవరు తూచగలరు?

అంతకుముందు ఇంకొక యుద్ధం జరిగింది. 1914 నుంచి 1918 వరకు. అది మొదటి ప్రపంచ యుద్ధం. దానికి మన దేశం నుంచి సుమారు 13 లక్షల మంది వెళ్లారు. ఫ్రాన్సుకు పోయారు, ఆఫ్రికాకు పోయారు. అందరికంటే ఎక్కువమంది పోయింది ఇప్పటి ఇరాక్ దేశానికి. బస్రా అక్కడి రేవు పట్నం. ఆ యుద్ధంలో 74 వేల మంది మనవాళ్లు చనిపోయారు. రెండో యుద్ధంలో 87 వేల మంది చనిపోయారు.

మొదటి యుద్ధం అయిపోయాక చాలా ఊళ్లలో సర్కారు ఒక రాతిపలక పెట్టించింది. ఈ ఊరి నుంచి యుద్ధానికి ఇంతమంది పోయారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలు విడిచారు అని దాని మీద ఉంటుంది. పాత చావిడి గోడలోనో, బడి గోడలోనో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. మీ ఊళ్లో అట్లాంటిది ఉందేమో చూడండి. సున్నం కింద కప్పడిపోయి ఉండవచ్చు. అయితే ఆ పలక మీద లెక్క ఉంటుంది, పేర్లు ఉండవు. పోయింది ముగ్గురు అంటే, ఆ ముగ్గురూ ఎవరు? రాసిపెట్టుకోకపోతే రెండు తరాలు దాటాక చెప్పేవాళ్లు ఉండరు.

పేరు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి చెప్పుకోవాలి. యుద్ధాల్లో చనిపోయినవాళ్ల సమాధులు చూసుకోవడానికి 1917లో ఇంగ్లండులో ఒక సంఘం పెట్టారు. ఇప్పుడు దాన్ని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం అంటారు. గొప్పవాడైనా, మామూలు సిపాయి అయినా అందరికీ ఒకే మాదిరి గుర్తు ఉండాలని ఆ సంఘం నియమం. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ అనే ఊళ్లో 1927లో కట్టిన స్తూపం మీద ఆ నియమం ప్రకారమే 4,700 మందికి పైగా మనవాళ్ల పేర్లు చెక్కారు. కానీ బస్రాలో కట్టిన స్తూపం మీద అట్లా చేయలేదు. ఇంగ్లీషు సిపాయిల పేర్లన్నీ చెక్కారు. మన దేశపు అధికారుల పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిల దగ్గరికి వచ్చేసరికి, ఫలానా పటాలంలో ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. కన్నతల్లి పెట్టిన పేరు అంకె అయిపోయింది. ఇది తప్పేనని ఆ సంఘం వందేళ్ల తర్వాత, 2021లో ఒప్పుకుంది. క్షమించమని అడిగింది. పేర్లు వెతికి చేర్చే పని మొదలుపెట్టింది.

చదువు రాకపోవడం వల్ల ఆ రోజుల్లో పడిన బాధ కూడా తక్కువ కాదు. ఫ్రాన్సుకు పోయిన సిపాయిల్లో చాలామందికి రాయడం రాదు. పటాలంలో రాయడం వచ్చినవాడి చేత ఉత్తరం రాయించేవాళ్లు. ఆ ఉత్తరాన్ని సర్కారు మనుషులు విప్పి చదివేవాళ్లు. యుద్ధం గుట్టు బయటపడుతుందనుకుంటే ఆపేసేవాళ్లు. అది దాటి ఊరు చేరితే, ఇంట్లో ఆడమనిషికి చదవడం రాదు. కరణం దగ్గరికో, అయ్యవారి దగ్గరికో పట్టుకుపోవాలి. భార్యకు చెప్పుకున్న మాట నలుగురి నోట నలిగి ఆమె చెవిన పడేది. ఇంక ఏ మొగుడైనా మనసులో మాట ఏం రాస్తాడు? "క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయవలెను" అంతే. అప్పుడు సర్కారువాళ్లు చదివి ఎత్తి రాసుకున్న ఉత్తరాల భాగాలు ఇప్పటికీ లండన్‌లోని గ్రంథాలయంలో ఉన్నాయి. ఊరి ఇళ్లలోకి వచ్చినవి మాత్రం చాలావరకు చెదలు తినేశాయి.

ఇప్పుడు మళ్లీ పతకం దగ్గరికి వద్దాం. పాత పతకాన్ని పారేయకండి, కరిగించకండి. మొదటి యుద్ధంలో సిపాయిలకు ఇచ్చిన పతకాల్లో ఒకటి నిజంగానే వెండిది. రెండు తులాలకు పైగా తూగుతుంది. అందుకే కష్టం వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో అది అంగడికి పోయి కరిగిపోయింది. కూలి దళాల్లో పనిచేసినవాళ్లకు అదే పతకం కంచుతో చేసి ఇచ్చారు. చావు మాత్రం ఇద్దరికీ ఒకటే! రెండో యుద్ధం పతకాలు వెండివి కావు. అంగట్లో వాటికి విలువ లేదు. ఇంట్లో ఉంది. ఎందుకంటే మన సైనికులకు ఇచ్చిన పతకాల్లో చాలావాటి మీద సిపాయి నంబరు, పేరు, పటాలం పేరు ఉంటాయి. గుండ్రటి పతకమైతే అంచు మీద చూడండి. నక్షత్రమైతే వెనకవైపు చూడండి. అక్షరాలు సన్నంగా ఉంటాయి. ఎండలో పెట్టి, వంచి చూస్తే కనిపిస్తాయి. చింతపండు వేసి గట్టిగా తోమకండి. అక్షరాలు అరిగిపోతాయి.

పట్టీ రంగులు కూడా కథ చెబుతాయి. నడుమ ఎర్రటి చార, అటూ ఇటూ నీలం, నీలం నడుమ నారింజ రంగు గీత ఉంటే అది బర్మా నక్షత్రం. సింహం ఒక రాక్షసజంతువు మీద నిలబడిన గుండ్రటి పతకం ఉంటుంది. అది రెండో యుద్ధంలో పనిచేసిన అందరికీ ఇచ్చింది.

నంబరు దొరికితే వెతకడం తేలిక. చనిపోయినవాళ్ల వివరాలు సమాధుల సంఘం దగ్గర ఉన్నాయి. కాలేజీలో చదివే పిల్లలను అడిగితే ఫోనులోనే వెతికి పెడతారు. రెండో యుద్ధంలో పోయినవాళ్లకైతే చాలాచోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉంటాయి. ఒక చిక్కు ఉంది. మన పేర్లను ఇంగ్లీషువాళ్లు తమకు పలికినట్టు రాసుకున్నారు. కడప పేరే చూడండి. 2005 వరకు ఇంగ్లీషులో దాన్ని "కుడ్డప్పా" అని చదివేటట్టు రాసేవాళ్లు. అందుకని పేరును నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి.

మట్టిలో పెట్టినవాళ్లకు సమాధి ఉంటుంది. కాల్చినవాళ్లకు సమాధి ఉండదు కదా, వాళ్ల గుర్తు ఎక్కడ అని మీకు అనుమానం రావచ్చు. కోహిమాలో అట్లా దహనం చేసిన హిందూ, సిక్కు సైనికులు 917 మంది. వాళ్లకు వేరే స్తూపం కట్టారు. బర్మాలో రంగూన్ దగ్గర టౌక్యాన్ అనే చోట ఇంకొకటి ఉంది. సమాధి తెలియనివాళ్లవి 27 వేల పేర్లు దాని మీద ఉన్నాయి.

తిరిగి వచ్చినవాళ్ల పేర్లు ఈ జాబితాల్లో ఉండవు. వాళ్లకు డిశ్చార్జి పుస్తకం ఇచ్చి ఇంటికి పంపారు. ఆ పుస్తకం దొరికితే పతకం కంటే విలువైనది. చేరిన తేదీ, విడిచిన తేదీ, ఎక్కడెక్కడ పనిచేసిందీ అందులో ఉంటుంది. పటాలాల దగ్గర కూడా పాత రికార్డులు ఉంటాయి. మద్రాస్ సాపర్లకు బెంగుళూరులో, మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో కేంద్రాలు ఉన్నాయి.

ఇది పాత ముచ్చట ఒక్కటే కాదు. 1962లో చైనాతో, 1965లో, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధాలు జరిగాయి. 1999లో కార్గిల్ యుద్ధం జరిగింది. వాటిలో పనిచేసినవాళ్ల భార్యలు మన మధ్యనే ఉన్నారు. సైనికుడు చనిపోతే భార్యకు పింఛను వస్తుంది. కానీ పటాలం కాగితంలో ఆమె పేరు ఒక రకంగా, ఆధార్ కార్డులో ఇంకొక రకంగా ఉంటే పని ఆగిపోతుంది. లక్ష్మమ్మ ఒకచోట, లక్ష్మీదేవి ఒకచోట. మనిషి ఒకరే, కాగితం ఇద్దరంటుంది. ఆ కాగితాలు మగమనిషి బతికి ఉండగానే సరిచేయించుకోవాలి. ఈ మాట ఇంట్లో ఎత్తితే అపశకునం అంటారు. అయినా ఎత్తాలి. కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. మాజీ సైనికుల గుర్తింపు కార్డులు, వితంతువుల పింఛను కాగితాలు, పిల్లల చదువు సాయం వంటి పనులకు అక్కడికి పోయి అడగాలి. డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితం నకళ్లు తీసి పెట్టుకోండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇచ్చి రాకండి.

జ్ఞాపకం పెట్టుకోవడం ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా ఉంటుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా పోయారని ఊరివాళ్ల లెక్క. ఆ ఊళ్లో పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెట్టుకున్నవాళ్లున్నారు. పోయినవాళ్ల కోసం స్తూపం కట్టుకున్నారు. ఢిల్లీలో 1931లో కట్టిన ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక చనిపోయినవాళ్ల కోసం 2019లో దాని దగ్గరే జాతీయ యుద్ధ స్మారకం కట్టారు. అక్కడ 25 వేలకు పైగా పేర్లు రాళ్ల మీద చెక్కారు.

హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న చనిపోయాడు. ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. చనిపోవడానికి కొద్దిరోజుల ముందు తండ్రికి ఉత్తరం రాశాడు. అప్పుడు ఆయన భార్య గర్భవతి. ఆమెకు రోజూ ఒక మహాభారత కథ చెప్పమని తండ్రిని కోరాడు. బిడ్డ తండ్రి పోయాక పుట్టింది. పేరు అపరాజిత. తండ్రిని చూడని ఆ పిల్ల పెద్దదై, ఆయనను ఎరిగినవాళ్లందరినీ అడిగి, ఫోటోలు, ఉత్తరాలు కూడబెట్టి ఒక పుస్తకం తయారు చేసింది.

పుస్తకం అందరూ చేయలేరు. ఒక నోటుబుక్కు చాలు. ముసలివాళ్లను అడిగి రాసుకోవాలి. "యుద్ధం గురించి చెప్పు" అంటే ఎవరూ చెప్పలేరు. "ఏ రైలెక్కి పోయినాడు? ఎవరు సాగనంపినారు? మనియార్డరు ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు? వచ్చేటప్పుడు ఏం తెచ్చినాడు?" అని అడిగితే మాట వస్తుంది. చెప్పినది చెప్పినట్టే రాయాలి. విన్నది వేరు, చూసినది వేరు. "విన్నాను" అంటే విన్నట్టే రాయాలి. చేయని వీరత్వం మనం కలపకూడదు. భయపడినాడంటే భయపడినాడనే రాయాలి. కొందరు అడిగినా చెప్పరు. బర్మా నుంచి వచ్చాక ఆ ఊసే ఎత్తని మనుషులు ఎందరో ఉన్నారు. వాళ్లను పీడించకూడదు.

ఆ ఇంట్లో కోడలు అట్లాగే అడిగింది.

"మీ నాయన ఏం చెప్పేవాడు అత్తా?"

"ఏం చెప్పేవాడు కాదు మే. వానొస్తే మాత్రం నిద్రపొయ్యేవాడు కాదు. బర్మాలో నెలలకొద్దీ వానంట, నీళ్లలోనే పడుకునేవాళ్లంట. ఈడ వాన కోసరం అందరూ మొక్కుకుంటాంటే, ఆయప్ప మంచంలో లేచి కూసునేవాడు."

కోడలు నోటుబుక్కు తీసి ఆయన పేరు రాసింది. కింద ఊరి పేరు రాసింది. దాని కింద 1939-1945 అని వేసింది. నంబరుకు చోటు వదిలి, పతకం వెనకవైపు చదవడానికి కొడుకు బడి నుంచి ఎప్పుడొస్తాడా అని వాకిట్లో కూర్చుంది.