చవక గిటారును చక్కబెట్టుకుందాం

ఎలక్ట్రిక్ గిటారు అనగానే అది పట్నం పిల్లల ముచ్చటనీ, వేలకు వేలు పోస్తేగాని పలకదనీ మనలో చాలామంది అనుకుంటారు. జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల నుంచి వచ్చిన మనకు పత్తి అమ్మిన డబ్బులో పాటకు మిగిలేదెంతో చెప్పనక్కరలేదు. అయితే దాని వెనకాల ఉన్న సైన్సు తెలిస్తే చవక గిటారును మనమే చక్కబెట్టుకోవచ్చు.

బావికాడ మోటారు కాలితే రాగితీగ మళ్ళీ చుట్టిస్తాం కదా! గిటారులో పికప్ కూడా అటువంటి చుట్టే. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు ఉంటుంది. పైన ఉక్కుతీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. సరిగ్గా నూరేళ్ళకు, 1931లో, అమెరికాలో జార్జ్ బీచమ్ దీనితోనే గిటారు పికప్ తయారుచేశాడు. నైలాను తీగలు వేస్తే పికప్ మూగబోయేది అందుకే.

ఎద్దును కొనేటప్పుడు రంగు చూడం. పళ్ళు చూస్తాం, నడక చూస్తాం. గిటారుకైనా అంతే. మెడకర్ర మెలి తిరిగి ఉంటే తీసుకోవద్దు. తర్వాత టేపుతో కొలవండి. నట్ నుంచి 12వ మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి దాదాపు అంతే ఉండాలి. తీగ పొడవు 648 మిల్లీమీటర్లయితే 12వ మెట్టు 324 దగ్గర రావాలి. వీణ మెట్లను మైనం కరిగించి జరుపుకోవచ్చు. గిటారు మెట్లు జరగవు. తక్కినవన్నీ సరిచేయదగ్గవే.

పనికి ఒక వరుస ఉంది. ముందు కొత్త తీగలు వేసి శృతి చేయాలి. మెడ మరీ వంగితే లోపలి ఇనుప కడ్డీని ఒక్కసారికి పావు చుట్టుకు మించకుండా బిగించాలి. తర్వాత 12వ మెట్టుపై తీగ ఎత్తు సుమారు 2 మిల్లీమీటర్లకు తేవాలి. చివరగా 12వ మెట్టుపై తీగను ఊరకే తాకి ఒకసారి, నొక్కి ఒకసారి మీటండి. నొక్కిన స్వరం హెచ్చుగా వస్తే సాడిల్‌ను వెనక్కు జరపాలి, తగ్గితే ముందుకు. వానాకాలం తేమకు కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. కాబట్టి కాలం మారినప్పుడల్లా ఒకసారి చూసుకోవాలి.

‘గుయ్’మనే రొద మన కరెంటు 50 హెర్ట్‌జులది. లోపల రాగిరేకు అతికించి, దాన్ని ఎర్తు తీగకు కలిపి టంకం వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఇదంతా అయ్యాకే, చెవికి ఇంకా వెలితి తోస్తే, కొత్త పికప్ కొనాలి. ముందే కొంటే డబ్బు దండుగ.

2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య గారి కిన్నెర ఏ ఫ్యాక్టరీలో తయారైంది? వెదురు, సొరకాయ బుర్రలు, మైనం... మన నేలమీద వాద్యాన్ని చేతితో చక్కదిద్దుకోవడం కొత్తేం కాదు. ఒక స్క్రూడ్రైవరు, ఒక టంకం కడ్డీ, కాస్త ఓపిక ఉంటే మిత్రులారా, మనమూ మొదలుపెట్టొచ్చు!