గోదావరి నీటికి లెక్క ఉంది, మట్టికి లెక్క ఏది?

ఈ వార్షికోత్సవ సంచికకు కరెంట్ అఫైర్స్ మీద ఒక వ్యాసం రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. గ్రూప్స్‌కీ, ఎస్సై పరీక్షలకీ చదివేవాళ్ళకు పనికిరావాలన్నారు. కోచింగ్ మెటీరియల్‌లో వాతావరణ మార్పు ఒక అధ్యాయం, సుస్థిర అభివృద్ధి ఇంకొకటి, రక్షణ రంగ సాంకేతికత మరొకటి. మూడింటినీ విడివిడిగా బట్టీ పడుతుంటాం. నేను ఎమ్మెస్సీలో జియాలజీ తీసుకున్నాక నాకు అర్థమైందేమంటే, మన గోదావరి డెల్టా వరకు ఈ మూడూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అది మన కాళ్ళ కింద ఉన్న ఒండ్రుమట్టి. అందుకే ఈ వ్యాసం దాని గురించే.

ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వశిష్ట అని రెండు పాయలవుతుంది. వశిష్ట నుంచి మళ్ళీ వైనతేయ చీలుతుంది. ఈ పాయల నడుమ ఉన్న కోనసీమ గానీ, అటు భీమవరం, నరసాపురం వైపు భూములు గానీ, ఇటు కాకినాడ దాకా ఉన్న పల్లపు నేల గానీ నది మోసుకొచ్చి పరిచినవే. మహారాష్ట్రలో నల్లరేగడి కరిగి, బస్తర్ అడవుల్లో ఎర్రమట్టి కరిగి, పాపికొండల మధ్య నుంచి కొట్టుకొచ్చి ఇక్కడ ఆగింది. ఆషాఢంలో గోదావరి ఎర్రబడిందంటే పైన వానలు పడ్డాయని మన పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ ఎర్రనీరే డెల్టాకు ప్రాణం.

ఇక్కడ ఒక సంగతి పాఠ్యపుస్తకంలో సరిగా చెప్పరు. ఒండ్రునేల పరిచిన చోట అలాగే నిలబడి ఉండదు. అది మెత్తటి మట్టి, లోపలంతా నీరు. పైబరువు పడే కొద్దీ నీరు బయటికి పోయి మట్టి అణుగుతుంది. కొత్త దూది పరుపు నాలుగేళ్ళకు పలచబడినట్లే. కనుక ప్రతి డెల్టా సహజంగానే ఏటా కొద్దికొద్దిగా కుంగుతూ ఉంటుంది. ఏటా వరద తెచ్చే కొత్త ఒండ్రు ఆ కుంగిన మేర పూడ్చేస్తుంది. వేల ఏళ్ళుగా ఈ జమా ఖర్చు సరిపోతూ వచ్చింది. జమ తగ్గితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఏటా మే 15న ఆయన విగ్రహాలకు దండలు వేస్తాం, వేయాల్సిందే. కరువుతో, వరదతో చితికిపోయిన జిల్లా అన్నపూర్ణ అయింది ఆ కాలువల వల్లే. ఆ ఆనకట్ట ఎత్తు తక్కువ. వరద వస్తే పైనుంచి పొంగిపోయేది. ఒండ్రులో చాలా భాగం సముద్రం దాకా వెళ్ళేది. అసలు మార్పు స్వాతంత్ర్యం తర్వాత ఎగువన వచ్చింది. పైఠాన్ దగ్గర జాయక్వాడీ, పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్, ఇంకా ఉపనదుల మీద ఎన్నో జలాశయాలు కట్టారు. జలాశయంలోకి వచ్చిన నీరు నిలబడుతుంది. నిలబడిన నీటిలో మట్టి అడుక్కి దిగిపోతుంది. గేట్లు ఎత్తితే కిందికి వచ్చేది తేరిన నీరు.

శ్రీరాంసాగర్‌నే చూడండి. 112 టీఎంసీలు పట్టేలా కట్టిన జలాశయం 1994 సర్వేలో 90 టీఎంసీలకు కొంచెం పైన మాత్రమే పడుతుందని తేలింది. పోయిన 21, 22 టీఎంసీల చోటులో ఉన్నది పూడిక. ఘనపు మీటర్లలో చెబితే 60 కోట్లకు పైనే. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లతో మోస్తే ఆరు కోట్ల టిప్పర్లు. తెలంగాణ రైతుకు అది తగ్గిపోయిన నీరు. మనకు అది రాకుండా పోయిన నేల.

ఆంధ్రా యూనివర్సిటీ ప్రొఫెసర్ కె. నాగేశ్వరరావు గారు, వారి బృందం 2010లో కృష్ణా, గోదావరి డెల్టాల మీద ప్రచురించిన పరిశోధనలో గోదావరి ఒండ్రు లెక్కలు ఉన్నాయి. 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు వచ్చేది. 2000 తర్వాతి సంవత్సరాలకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. అంటే నూరు బుట్టల మట్టి వచ్చే చోట నలభై బుట్టలు కూడా రావడం లేదు. కృష్ణ పరిస్థితి మరీ దారుణం, అక్కడ దాదాపు ఏమీ రావడం లేదు. 2009లో నేచర్ జియోసైన్స్ పత్రిక ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన అధ్యయనం వేసింది. అందులో కృష్ణ అత్యంత ప్రమాదంలో ఉన్న డెల్టాల జాబితాలో ఉంది. గోదావరి ఆ తర్వాతి మెట్లలో, చేరుతున్న మట్టి ఇక సముద్రాన్ని అందుకోలేని డెల్టాల వరుసలో ఉంది. ఈజిప్టులో ఆస్వాన్ పెద్ద డ్యామ్ కట్టాక నైలు నది ముఖద్వారాలు కోతకు గురైన కథే ఇక్కడా జరుగుతోంది.

వచ్చిన ఆ కాస్త ఒండ్రు కూడా మన చేలలోకి ఎక్కదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూశాక, 2006 వరద తర్వాత మరోసారి, ఏటిగట్లు ఎత్తు చేశారు. గట్లు లేకపోతే మనం బతకలేం, అది నిజం. కానీ గట్టు వరదను ఆపినట్లే మట్టినీ ఆపుతుంది.

ఇప్పుడు మెటీరియల్‌లోని మొదటి అధ్యాయానికి వద్దాం. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ బృందం, అంటే ఐపీసీసీ, 2021 నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల వేగంతో పెరిగింది. పరీక్షలో ఈ అంకెలు అడగవచ్చు, గుర్తుపెట్టుకోండి. ఏడాదికి మూడున్నర మిల్లీమీటర్లు అంటే నవ్వొస్తుంది, బియ్యపు గింజంత కూడా లేదని. అయితే మనది కొండ కాదు. కోనసీమలో మైళ్ళ పొడవున నేల వాలు కంటికి కనబడదు. పైగా సముద్రం ఒక పక్క పైకి లేస్తుంటే నేల ఇంకో పక్క కిందికి దిగుతోంది. రెండూ కలిపి లెక్క వేయాలి. గ్యాస్, చమురు తోడటం వల్ల కూడా నేల కుంగుతోందని ఇక్కడి రైతులు చాలా కాలంగా అంటున్నారు. దాని వాటా ఎంతో బహిరంగంగా కొలిచి చెబితే తప్ప ఆ వాదన తెగదు.

నాగేశ్వరరావు గారి బృందమే 2008లో వేసిన మరో అంచనా ఉంది. సముద్రం 0.59 మీటరు పెరిగితే ఆంధ్ర తీరంలో 565 చదరపు కిలోమీటర్లు నీటి కిందికి పోతాయి, అందులో 150 కృష్ణా, గోదావరి డెల్టాలోనివే. తీరంలో రెండు మీటర్ల ఎత్తు లోపున 282 గ్రామాల్లో దాదాపు 12.9 లక్షల మంది ఉన్నారు. ఆ 282లో మన హాస్టల్ పిల్లల ఊళ్ళు ఎన్ని ఉంటాయో హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూడవచ్చు.

అయితే మునక ఒక్కసారిగా రాదు. ముందు వచ్చేది మురుగు. మన పొలాల వాన నీరు డ్రెయిన్ల గుండా తన వాలున తాను సముద్రంలోకి పోవాలి. డ్రెయిన్ మొగ దగ్గర సముద్రం జానెడు ఎత్తుగా ఉంటే నీరు కదలదు. చేను వారాల తరబడి నీట నానుతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారని పేపర్లలో చదివి ఉంటారు. గిట్టుబాటు ధర లేకపోవడం ఒక కారణం, మురుగు పోకపోవడం ఇంకో కారణం. 2022లో మళ్ళీ అదే మాట వినబడింది. పోటు సమయంలో అదే డ్రెయిన్ తిరగబడి ఉప్పునీటిని లోపలికి తెస్తుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరిచెట్లు మొవ్వు ఎండి మోడులై నిలబడిన ఫొటోలు 2025లో అన్ని పత్రికల్లో వచ్చాయి.

నేల ఉప్పబారితే వరి పండదు, రొయ్య పెరుగుతుంది. 2009లో వనామి రకానికి దేశంలో అనుమతి వచ్చాక చెరువులు ఎలా పెరిగాయో మనందరం చూసిందే. ఉప్పునీరు చెరువులోకి తోడితే పక్క చేను కూడా ఉప్పబారుతుంది, ఆ రైతు కూడా చివరికి చెరువే తవ్వుతాడు. ఇందులో లాభం వచ్చినవాళ్ళు ఉన్నారు, కాదనను. నష్టం ఎవరిదో పేపర్లలో తక్కువ వస్తుంది. ఎకరం వరికి ఊడ్పులు, కలుపు, కోత, నూర్పు ఉండేవి. ఆడవాళ్ళకు ఏడాదిలో కొన్ని నెలలు ఊళ్ళోనే పని దొరికేది. చెరువుకు ఒక కాపలా మనిషి, మేత వేసే మనిషి చాలు. మా అమ్మ ఊడ్పుల ముఠాతో వెళ్ళేది. ఇప్పుడు తెల్లవారుజామున వ్యాను ఎక్కి రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళుతుంది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, ఆ ఫీజులో ఈ డబ్బులూ ఉన్నాయి. కనుక రొయ్యను తిట్టి ఊరుకోవడం నాకు కుదరదు. సుస్థిర అభివృద్ధి అంటే రాబోయే తరాల అవసరాలు దెబ్బతినకుండా ఇప్పటి అవసరాలు తీర్చుకోవడం అని నిర్వచనం, 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదికలోది. ఇప్పటి అవసరం ఎవరిది, పల్లం ఎవరిది అని మాత్రం అందులో లేదు. మన పేటలు ఊరికి ఏ దిక్కున ఉన్నాయో, డ్రెయిన్‌కు ఎంత దగ్గరో ఒకసారి గమనించండి. సొంత భూమి లేని కౌలు రైతుకు, కూలీకి నేల ఉప్పబారితే పరిహారం అడగడానికి కాగితం కూడా ఉండదు.

ఇక రక్షణ రంగం. శత్రు విమానాల జాడ పట్టడానికి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పదునుదేరిన పరికరం రాడార్. దాని వారసులే మచిలీపట్నం, విశాఖపట్నాల్లో తుపాన్లను చూసే డాప్లర్ రాడార్లు. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ ప్రాంతంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు ప్రాణనష్టం దాని దరిదాపుల్లో కూడా లేదు. ముందస్తు హెచ్చరిక, జనాన్ని తరలించడం, రెండూ పనిచేశాయి. 2019 నవంబరులో కాకినాడ తీరంలో భారత్, అమెరికా త్రివిధ దళాలు జరిపిన టైగర్ ట్రయంఫ్ విన్యాసం కూడా యుద్ధం కోసం కాదు, విపత్తు సహాయం కోసం. ఇది ప్రిలిమ్స్‌లో రాదగిన ప్రశ్న.

నాకు ఎక్కువ ఆసక్తి ఉన్నది సింథటిక్ అపెర్చర్ రాడార్ మీద. 1951లో అమెరికాలో కార్ల్ వైలీ అనే ఇంజినీరుకు తట్టిన ఆలోచన ఇది, మొదట సైనిక నిఘాకు వాడారు. మేఘాలు ఉన్నా, రాత్రయినా నేలను చూస్తుంది. మన దేశం ముంబై దాడుల తర్వాత 2009 ఏప్రిల్ 20న ప్రయోగించిన రీశాట్-2లో ఇజ్రాయెల్ రాడార్ ఉండేది, సరిహద్దు నిఘా దాని పనిగా ఉండేది. అదే సూత్రంతో ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ ఉపగ్రహం 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. అది 12 రోజులకు రెండుసార్లు ఒకే చోటును చూస్తుంది. మొదటిసారి పంపిన తరంగానికీ, తర్వాత పంపిన తరంగానికీ తిరిగి రావడంలో తేడా పోల్చి, నేల ఎంత పైకి లేచిందో ఎంత దిగిందో సెంటీమీటరు స్థాయిలో, ఇంకా సూక్ష్మంగా కూడా చెప్పగలదు. దాని ఎల్-బ్యాండ్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు కనుక ఆకుల మధ్య నుంచి చాలావరకు దూరి నేలను తాకుతుంది. కొబ్బరితోటల దేశానికి ఇంతకన్నా తగిన పరికరం లేదు.

ఇంత చేయగలిగిన రోజుల్లో కూడా గోదావరి మట్టి ఎవరి ఖాతాలోనూ లేదు. 1980లో బచావత్ ట్రిబ్యునల్ గోదావరి నీటిని రాష్ట్రాల మధ్య టీఎంసీలలో పంచింది. ఆ తీర్పు మీద నేటికీ అసెంబ్లీల్లో, కోర్టుల్లో గొడవ. ఒండ్రులో డెల్టా వాటా ఎంత అని ఎవరూ దావా వేయలేదు. పోలవరం పూర్తయి 194 టీఎంసీల జలాశయం నిండితే మిగిలిన ఒండ్రులో కూడా చాలా భాగం పాపికొండల దగ్గరే దిగిపోతుంది. నేను పోలవరానికి వ్యతిరేకిని కాను, దాని కింద ఊళ్ళు పోగొట్టుకున్న గిరిజనుల మాట వేరే పెద్ద వ్యాసం. నా ప్రశ్న చిన్నది. వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో మట్టితో సహా నీటిని కిందికి వదిలే పద్ధతి ఇతర దేశాల్లో ఉంది. ఇక్కడ గేట్ల నిర్వహణలో దానికి చోటు ఉంటుందా? పూడిక తీసిన మట్టి ఇటుకబట్టీలకు పోతుందా, మన పల్లపు కాలనీల మెరకకు వస్తుందా?

ఉప్పాడలో రాతి గోడ వేశారు, జియోట్యూబులు వేశారు, సముద్రం వాటినీ దెబ్బతీసింది. అక్కడి కోతకు రేవు నిర్మాణాలు, హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ పెరుగుదల కూడా కారణాలని చెబుతారు, నెపమంతా ఒండ్రు మీద వేయలేం. దానికి దక్షిణాన కోరంగి మడ అడవులు మాత్రం ఖర్చు లేకుండా కాపలా కాస్తున్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 235 చదరపు కిలోమీటర్లలో మడ వేళ్ళు చేసే పని ఒండ్రును పట్టి నిలపడమే. వాటికి కూడా పై నుంచి మట్టి రావాలి.

నైసార్ సమాచారం ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఆ చిత్రాలు చదవడం నేనిప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, కాస్త మంచి కంప్యూటర్ ఉండాలి. డిగ్రీలో జాగ్రఫీ గానీ, జియాలజీ గానీ, కంప్యూటర్స్ గానీ తీసుకున్న మన హాస్టల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే సంక్రాంతి సెలవుల్లో కలుద్దాం. ముందు మన ఊళ్ళ డ్రెయిన్లు, పేటలు, వాటి ఎత్తులు ఒక పటంలో పెడదాం. మీ ఊరి డ్రెయిన్ ఏ నెలలో తిరగబడుతుందో, ఏ బోరు ఏ సంవత్సరం నుంచి ఉప్పబారిందో మీ తాతయ్యలను, అమ్మమ్మలను అడిగి రాసుకుని రండి. అది ఉపగ్రహానికి తెలియదు.