ఆరుగురు మనుషులు, ఒక రాయి

చుట్టూ మట్టి, బండలు ఉన్న చెరసాల. ఆరుగురు ఖైదీలు వరుసగా నిలబడి, నేలను కాళ్ళతో తాటించి, చేతులు తిప్పి, ఒక్క ఊపున ముందుకు చాచారు. కొంతసేపటికి ఒక మోస్తరు రాయి ఎక్కడినుంచో వచ్చి తీరికగా గాలిలో తేలుతూ పోయింది. 2010 జూలై 1న అమెరికాలో విడుదలైన ‘ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ అనే చిత్రంలోని ఘట్టం ఇది. ఈ ఒక్క రాయిని గురించి పెరిగి పెద్దవారైన అభిమానులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. పిల్లల బొమ్మల కథకు ఇంత రభస ఎందుకని ఎవరికైనా తోచవచ్చు. కాని ఆ వాదంలో సైన్సు తరగతికి చెందిన ప్రశ్న ఒకటి దాగి ఉన్నది: పనికీ ఫలితానికీ సంబంధం ఉన్నదని మన కన్ను ఎప్పుడు ఒప్పుకుంటుంది?

ఈ చిత్రానికి మూలం ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ అనే బొమ్మల ధారావాహిక. మైకేల్ డిమార్టినో, బ్రయన్ కొనియట్జ్‌కో అనేవారు దీనిని సృష్టించారు. నికెలోడియన్ అనే పిల్లల టెలివిజను సంస్థ 2005 ఫిబ్రవరి నుంచి 2008 జూలై వరకు 61 భాగాలుగా ప్రసారం చేసింది. ఆ కథాలోకంలో నాలుగు జాతులవారు ఉంటారు. వారిలో కొందరికి నీరు, మట్టి, నిప్పు, గాలి అనే వాటిలో ఒకదానిని వశం చేసుకునే విద్య అబ్బుతుంది. నాలుగూ అబ్బేది ఒక్కరికే. అతడే అవతార్, మన ‘అవతారం’ అనే మాటే అది. కథానాయకుడు ఆంగ్ పన్నెండేళ్ళ బాలుడు. పిల్లలకోసం తీసినదైనా, యుద్ధం, దేశబహిష్కారం, కన్నతండ్రి క్రూరత్వం వంటివి దాచకుండా చెప్పినందువల్ల పెద్దలు కూడా దీనికి అలవాటు పడ్డారు.

ఈ విద్యలు ఊరికే మంత్రం వేస్తే వచ్చేవి కావు. ప్రతిదానికీ చైనా దేశపు యుద్ధవిద్య ఒకటి ఆధారం. నీటికి తాయ్‌చీ, మట్టికి హంగ్‌గార్, నిప్పుకు ఉత్తర షావోలిన్, గాలికి బాగ్వా. ఈ విద్యలు తెలిసిన సిఫు కిసు అనే గురువు సలహాలతో చిత్రకారులు ఆ కదలికలను గీశారు. మట్టివారు కాళ్ళు గట్టిగా ఊని నిలబడతారు. గాలివారు గుండ్రంగా తిరుగుతారు. రెండవ సంవత్సరపు కథలో టాఫ్ అనే చూపులేని పిల్ల ఒక్కసారి కాలు తాటిస్తే బండ లేచి నిలబడుతుంది. ఇంత కదలికకు ఇంత ఫలితం అనే లెక్క చూసేవారికి ఎవరూ చెప్పకుండానే మనసులో స్థిరపడింది.

ఇక్కడ బెల్జియం దేశపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ మిషోట్ పని గుర్తుకు తెచ్చుకోవాలి. ఆయన తన పరిశోధనలను 1946లో గ్రంథంగా ప్రకటించాడు. ఒక చిన్న చతురస్రం కదిలివచ్చి రెండవదానిని తాకి ఆగుతుంది. వెంటనే రెండవది కదులుతుంది. అవి వట్టి ఆకారాలే, వాటికి బరువు లేదు, బలం లేదు. అయినా మొదటిది రెండవదానిని నెట్టిందనే చూసినవారికి కనిపిస్తుంది. క్యారమ్ బోర్డు మీద స్ట్రైకరు తగిలి కాయ కదిలినట్లే. తాకిన తరువాత సెకనులో అయిదవ వంతు ఆలస్యం చేసి రెండవదానిని కదిలిస్తే మాత్రం ఆ భావం పోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంఘటనలు మిగులుతాయి.

సినిమా ఫిల్ములో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి కనుక అయిదవ వంతు అంటే సుమారు అయిదు బొమ్మలు. చేతితో గీసే చిత్రాలలో సాధారణంగా ఒక్కొక్క గీతబొమ్మను రెండేసి సార్లు చూపుతారు. పిడికిలి ఆగే బొమ్మలోనే రాయి కదలాలంటే గీసేవాడు అట్లాగే గీస్తాడు. అతడి కాగితం మీద పిడికిలీ రాయీ ఒకే పెన్సిలు సొమ్ము. 2010 చిత్రంలో నటులను కెమెరాతో తీసి, రాళ్ళను తరువాత కంప్యూటరుతో చేర్చారు. పైగా దర్శకుడు ఎడతెగని పొడుగు షాట్లు ఎంచుకున్నాడు. కత్తిరించి అతకడానికి వీలులేని షాటులో రాయి ఆలస్యమైతే దానిని దాచే చోటు లేదు. అభిమానులు మిషోట్ పేరు విని ఉండకపోవచ్చు గాని, వారి కన్ను పట్టుకున్నది ఈ లోపాన్నే.

దీనికి తోడు మరొకటి ఉన్నది. ధారావాహికలో మట్టివారిని బంధించిన చోటు సముద్రం మధ్యనున్న లోహపు కట్టడం. వారికి అందుబాటులో మట్టి లేదు గనుక వారు నిస్సహాయులు. చిత్రంలో వారిని నేల మీదనే ఉంచారు! ఆయుధాగారంలో సైనికులను బంధించినట్లయింది. నిప్పువారి సంగతి కూడా ఇటువంటిదే. మూలంలో వారు శ్వాసబలంతో నిప్పు పుట్టిస్తారు. చిత్రంలో చాలామందికి దగ్గరలో మంట ఉంటే తప్ప సాధ్యం కాదు. దీనిని సమర్థించినవారూ లేకపోలేదు. నిప్పుకు ఒక పరిమితి పెట్టడం తెలివైన మార్పే అని వారి వాదం. అది కొంతవరకు సబబే.

దర్శకుడు మనోజ్ నెల్లియట్టు శ్యామలన్ 1970లో మాహేలో జన్మించాడు. మన యానాం లాగే అదీ పుదుచ్చేరికి చెందినది. తన కుమార్తె హాలోవీన్ పండుగకు ఈ కథలోని కటారా వేషం కోరినప్పుడు ఆయన దృష్టి దీనిమీద పడింది. ఆయనకు కథ మీద గౌరవం లేదనడం అన్యాయం. మొదటి సంవత్సరపు 20 భాగాలు, అంటే ఇంచుమించు 460 నిమిషాల కథ, 103 నిమిషాలలో ఇమడవలసి వచ్చింది. పేర్లను కూడా ఆసియా ఉచ్చారణకు మార్చాడు. మూలంలో ‘ఆంగ్’ను ఇంగ్లీషు ‘బ్యాంక్’లోని అచ్చుతో పలుకుతారు. (మనం ‘మేక’ అనేటప్పుడు పలికే ఆ అచ్చుకు తెలుగులో అక్షరమే లేదు.) చిత్రంలో అది దీర్ఘమైన ‘ఆ’ అయింది. మూడేళ్ళు ఒక విధంగా విన్న చెవికి సరియైన ఉచ్చారణే తప్పుగా తోచింది. ఈ విషయంలో మాత్రం అభిమానుల పట్టుదల అలవాటు వల్ల వచ్చినదే.

ముఖాల సంగతి వేరు. 2008 చివర నటుల పేర్లు వెలువడగానే నిరసన లేఖలు మొదలైనాయి. కటారా, ఆమె అన్న సాకాల జాతికి ఇన్యూట్ల జీవనం ఆధారం. ఆంగ్ జాతికి టిబెట్ భిక్షువుల జీవనం ఆధారం. ఈ ముగ్గురి పాత్రలకూ తెల్లజాతి నటులను తీసుకున్నారు. శత్రురాజ్యపు ప్రధాన పాత్రలు దేవ్ పటేల్, ఆసిఫ్ మాండ్వీ వంటివారికి దక్కాయి. బొమ్మలకు ఫలానా జాతి ముఖమని లేదని శ్యామలన్ అన్నాడు. మూలంలో ఆంగ్‌కు గొంతు ఇచ్చినవాడూ తెల్లవాడే గదా అని కొందరు అడిగారు. కాని గొంతు తెర మీద కనిపించదు. వీరులు తెల్లవారు, శత్రువులు చామనఛాయవారు అనే అమరికను చూసే పిల్లలలో ఆసియా సంతతివారూ ఉన్నారు. ఈ తప్పును కొలవడానికి గడియారం అక్కరలేదు.

చిత్రం ప్రపంచమంతటా దాదాపు 32 కోట్ల డాలర్లు రాబట్టినా, అనుకున్న తరువాతి భాగాలు రాలేదు. 2024 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ సంస్థ అదే కథను మనుషులతో 8 భాగాలుగా తీసి చూపింది. మూలకర్తలిద్దరూ 2020లోనే ఆ పనినుంచి తప్పుకున్నారు. ఈసారి నటులు ఆసియా, అమెరికా ఆదివాసీ సంతతులవారు. నిప్పువారు వట్టి చేతులతోనే నిప్పు పుట్టించారు. అయినా వాదం ఆగలేదు. ‘ఆడపిల్లలకు యుద్ధం ఏమి తెలుసు’ అనే సాకా అహంకారాన్ని ఈసారి తగ్గించారు. మూలంలో క్యోషి ద్వీపపు స్త్రీయోధుల చేతిలో ఓడి, వారి వేషమే వేసుకుని, వారివద్దనే శిష్యుడై అతడు దానిని వదలుకుంటాడు. ఆ అహంకారం మొదటే లేకపోతే సాకా ఎక్కడినుంచి ఎక్కడికి ఎదిగినట్లు అని అభిమానులు అడిగారు.