మాడిన పెనం

మా ఇంట్లో ఇప్పుడు నాలుగు కాకటీల్ పక్షులున్నాయి. ఒక్కదాన్నీ కొనలేదు. పెంచినవారు ఊరు మారుతూనో, గోల భరించలేకనో, ఇంట్లో ఎవరికో ఆయాసం వస్తోందనో మాకు అప్పగించినవే. ఆయాసం మాట సాకు కాదు. వీటి ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. రోజూ తడిగుడ్డతో తుడవకపోతే టీవీ మీద పేరు రాసుకోవచ్చు!

వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. తలమీది కుచ్చు నిటారుగా లేస్తే బెదిరాయని, తలకు అంటుకుపోతే కోపం వచ్చిందని అర్థం. రాత్రి చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంటాయి, అందుకే చిన్న దీపం వెలుగుతూ ఉండాలి. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్లు బతుకుతాయి. పిల్లలకు పుట్టినరోజు కానుకగా కొనేవారు ఈ లెక్క వేసుకోరు.

ఐదోది ఛాతీ మీద ఈకలు పీకేసుకున్న స్థితిలో వచ్చింది. ఏళ్ల తరబడి ఒంటరిగా, పొద్దుతిరుగుడు గింజలు తింటూ పెరిగిందట. పాత యజమానిని మేము చాలా మాటలన్నాం. గురువారం ప్రార్థన కూటానికి వచ్చినవారికీ ఆ కథ చెప్పాం. కొత్తిమీర, క్యారెట్ తురుము, ఉడికించిన మొక్కజొన్న మెల్లగా అలవాటు చేశాం. రెండు నెలలకు లేత ఈకలు మొలిచాయి. మొదటిసారి ఈల వేసింది.

డిసెంబరులో ఒక ఆదివారం. చలికి తట్టుకోలేదని దాన్ని వంటింటి పక్కన ఉంచి, మిగతావాటిని బాల్కనీలో ఎండకు పెట్టాం. చర్చికి వెళ్లే తొందరలో నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మరిచిపోయాం. పొగ కూడా పెద్దగా లేదు. కానీ బాగా మాడితే ఆ పైపూత నుంచి వెలువడే వాయువు పక్షులను నిమిషాల్లో చంపేస్తుంది. వాటి ఊపిరితిత్తులు అంత సున్నితం. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1980ల దాకా విషవాయువును పసిగట్టడానికి కానరీ పక్షులను వాడింది అందుకే. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ముందే ఎవరినైనా అడిగి ఉండవచ్చు, అడగలేదు.

కిటికీలు తెరిచేసరికే అది పంజరం అడుగున పడి ఉంది.

పాత యజమానికి ఫోన్ చేశాం. అవతల కాసేపు మాట లేదు. "మీరు నాకంటే బాగానే చూసుకున్నారు కదండీ" అన్నారాయన. ఏం జవాబివ్వాలో తోచలేదు. తర్వాతి గురువారం కూటంలో అదే మనుషుల ముందు ఈ సంగతీ చెప్పాం.

ఇప్పుడు మా ఇంట్లో ఇనుప పెనమే. దోసెలు ఇంకా అంటుకుంటూనే ఉన్నాయి.