పన్ను తీసిన పిదప నోటి సంరక్షణ

దంతవైద్యుని కుర్చీలోనుండి లేచి వచ్చిన రోగి తన బాధ తీరినదని సంతోషించును. పుచ్చిన పన్ను పోయినది గనుక ఆ సంతోషము సహజమే. కాని పన్ను పోయిన చోట ఒక గాయము మిగిలినదని అతడు మరచిపోవును. చేతికో కాలికో అంత లోతైన గాయము తగిలినచో దానిని కడిగి, కట్టు కట్టి, దుమ్ము సోకకుండ కాపాడుకొందురు. నోటిలోని గాయమునకు అట్లు కట్టు కట్టుటకు వీలులేదు. అది ఎల్లప్పుడు తడిగా ఉండు చోటు. అసంఖ్యాకములైన సూక్ష్మజీవులకు నివాసము. పూటపూటకు ఆహారము నమలవలసిన తావు. అట్టి చోట గాయము ఎట్లు మానును? అది మానుటకు రోగి ఏమి చేయవలెను, ఏమి చేయరాదు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ ప్రశ్నలకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. అచ్చటి పల్లెలలో తరతరాలుగా వచ్చుచున్న అడ్డపొగ అలవాటు ఒకటి, ఉద్దానము ప్రాంతమున ప్రబలిన మూత్రపిండ వ్యాధి మరియొకటి. ఈ రెండును పన్ను తీయించుకొన్నవారు మరింత మెలకువతో ఉండవలసిన అవసరమును కలిగించుచున్నవి.

రక్తపు గడ్డయే కట్టు

పన్ను వేరు దవడ ఎముకలోని ఒక గుంటలో నాటుకొని ఉండును. పన్నును పెరికినప్పుడు వేరు చుట్టునున్న సన్నని రక్తనాళములు తెగి, ఆ గుంట రక్తముతో నిండును. రక్తములోని ఫలకికలు అను సూక్ష్మమైన రేకులు తెగిన నాళముల అంచులకు అంటుకొని రంధ్రములను మూసివేయును. ఇంతలో రక్తమున కరిగియున్న ఒక మాంసకృత్తు ఫైబ్రిన్ అను దారములుగా మారి వలవలె అల్లుకొనును. ఆ వలలో రక్తకణములు చిక్కుకొని గడ్డ ఏర్పడును. కొద్ది నిమిషములలో జరుగు ఈ పనియే ప్రకృతి కట్టిన కట్టు.

ఈ గడ్డ రక్తస్రావమును ఆపుటతో తన పనిని ముగింపదు. అది క్రింది ఎముకను, నరముల కొనలను కప్పియుంచును. చుట్టునుండి క్రొత్త కణములు, సన్నని రక్తనాళములు దానిలోనికి ప్రాకును. సుమారు ఒక వారమునకు గడ్డ ఉన్న చోట మెత్తని ఎర్రని క్రొత్త కణజాలము పెరుగును. మూడు నాలుగు వారములకు చిగురు పైన మూసికొనును. లోపలి గుంట ఎముకతో నిండుటకు మూడునుండి ఆరు నెలలు పట్టును. ఇంత కట్టడమునకు పునాది ఆ రక్తపు గడ్డయే. వైద్యుడు చెప్పు జాగ్రత్తలు పలువిధములుగా కనబడినను, వానిలో పెక్కింటి సారము ఒక్కటే: గడ్డను కదల్పకుడు.

మొదటి దినము

పన్ను తీసిన వెంటనే వైద్యుడు దూదిగుడ్డను పెట్టి కరచి పట్టుకొనుమనును. అరగంటనుండి ముప్పావుగంట వరకు దానిని గట్టిగా అదిమి ఉంచవలెను. రక్తము ఆగినదో లేదో చూచుటకు మాటిమాటికి తీయుట తగదు. తీసిన ప్రతిసారియు అప్పుడే అల్లుకొనుచున్న గడ్డ తెగిపోవును.

చాలమంది చేయు పొరపాటు ఉమ్మివేయుట. నోటిలో కొద్దిగా రక్తము కనబడగానే భయపడి పదేపదే ఉమ్ముదురు. ఉమ్మునప్పుడు బుగ్గలు, నాలుక కలిసి నోటిలో పీల్పును కలిగించును. ఆ పీల్పునకు గడ్డ లేచిపోవును. రక్తము మరల కారును. ఒకటి రెండు చుక్కల రక్తము కలిసినను లాలాజలమంతయు ఎర్రబడి, చూచువారికి ఎంతో రక్తము పోయినట్లు తోచును. కావున మొదటి దినము ఉమ్మరాదు, నోరు పుక్కిలింపరాదు. కొబ్బరిబొండములోని నీటిని గొట్టముతో పీల్చుటకు బదులు గ్లాసులో పోసికొని త్రాగవలెను.

వేడి పదార్థములు రక్తనాళములను విప్పార్చును గనుక ఆనాడు చల్లార్చిన ఆహారమే మేలు. చల్లని చోడి అంబలి, పెరుగన్నము, మెత్తగా ఉడికిన పప్పన్నము తగినవి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి చెంపకు వెలుపలినుండి కొంతసేపు అదిమిన వాపు తగ్గును. పండుకొనునప్పుడు తల కొంచెము ఎత్తుగా ఉండవలెను. బరువులు మోయుట, వంగి చేయు పొలము పనులు ఒకటి రెండు దినములు మానవలెను.

మత్తుమందు ప్రభావము రెండు మూడు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువసేపు ఉండును. ఆ సమయమున పెదవి, నాలుక తెగినను తెలియదు. పిల్లలు తిమ్మిరెక్కిన పెదవిని కొరికికొని పుండు చేసికొందురు. మత్తు వదలువరకు వారిని కనిపెట్టి ఉండవలెను.

24 గంటలు గడచిన పిదప గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి, భోజనమైన తరువాత నోటిలో మెల్లగా త్రిప్పి విడువవలెను. తక్కిన పండ్లను యథాప్రకారము తోమవలెను. వేపపుల్ల వాడువారు గాయమున్న ప్రక్క కొన్ని దినములు దానిని వాడకుండుట మంచిది. గుంటలో పసుపు, పొగాకు, లవంగము మొదలైనవి కూరరాదు. అవి నొప్పిని కప్పినట్లు తోచినను గడ్డను చెడగొట్టి చీమునకు దారితీయును.

ఎండిన గుంట

గడ్డ లేచిపోయినను, కరిగిపోయినను ఎముక బయటపడును. ఈ స్థితిని ఎండిన గుంట అందురు. 1896లో క్రాఫర్డ్ అను దంతవైద్యుడు దీనిని ఈ పేరుతో వర్ణించెను. సాధారణముగా పన్ను తీయించుకొన్నవారిలో నూటికి ఇద్దరునుండి ఐదుగురికి ఇది కలుగును. క్రింది దవడలోని జ్ఞానదంతములను తీసినప్పుడు ఇంకను ఎక్కువగా కనబడును.

దీనికొక గుర్తు కలదు. మామూలు నొప్పి దినదినమునకు తగ్గును. ఎండిన గుంట నొప్పి రెండవ దినమునుండి నాలుగవ దినములోపల మొదలై పెరుగును. చెవివరకు పోటు పొడుచును. నోరు దుర్వాసన కొట్టును. అప్పుడు వైద్యునివద్దకు పోయినచో ఆయన గుంటను కడిగి మందుగుడ్డ పెట్టును. దానితో చాలవరకు ఉపశమనము కలుగును.

అడ్డపొగ తెచ్చు ముప్పు

ఎండిన గుంటకు ముఖ్య కారణములలో ఒకటి పొగత్రాగుట. పొగను లోనికి పీల్చు బలమునకే గడ్డ కదలును. నికోటిన్ సన్నని రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తములో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించును. రక్తము తక్కువై, ప్రాణవాయువు కొరవడిన గాయము మానుట ఆలస్యమగును.

ఉత్తరాంధ్ర పల్లెలలో చుట్టను మండుచున్న కొనను నోటిలో పెట్టుకొని కాల్చు ఆచారము కలదు. దానినే అడ్డపొగ అందురు. ఇది పురుషులలోకంటె స్త్రీలలో ఎక్కువ. ఇంటిపని చేసికొనుచు, మాటలాడుచు, చుట్ట ఆరిపోకుండ చాలసేపు కాల్చుకొనుటకు ఇది అనుకూలమని వారందురు. ఇందులో నిప్పు, పొగ, బూడిద నేరుగా అంగిలికి తగులును. పన్ను తీసిన గాయముపై ఇంతకంటె కఠినమైన దెబ్బ ఊహించుట కష్టము.

డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా మొదలైనవారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి 1971లో ఫలితములను ప్రకటించిరి. ఆనాటి శ్రీకాకుళం జిల్లాలో, 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లాకు తరువాత చేరిన భాగములు కూడ ఉండెడివి. పరీక్షింపబడినవారిలో నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారు. వారి అంగిలిపై తెల్లని మచ్చలు, ఎర్రని పుండ్లు, వానినుండి పుట్టు క్యాన్సరు కనబడెను.

కావున పన్ను తీసిన పిదప కనీసము మూడు దినములు, సాధ్యమైనచో రెండు వారములు చుట్ట, బీడీ, సిగరెట్టు ముట్టరాదు. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీలకును ఈ నియమమే వర్తించును. రెండు వారములు మానగలిగినవారు శాశ్వతముగా మానుటకు అదియే మంచి అదను.

మాత్రలు, మూత్రపిండములు

గాయపడిన కణజాలము ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములను తయారుచేయును. నొప్పి, వాపు వానివలననే హెచ్చును. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాని ఉత్పత్తిని అడ్డగించి నొప్పిని తగ్గించును. కాని ఆ పదార్థములే మూత్రపిండములలోని రక్తనాళములను తెరచియుంచుటకు తోడ్పడును. మూత్రపిండములు ఆరోగ్యముగా ఉన్నవారికి కొద్ది దినములు ఈ మాత్రలవలన సాధారణముగా చిక్కు రాదు. అవి బలహీనపడినవారికి, ఎండలో పనిచేసి ఒంటిలో నీరు తగ్గినవారికి మాత్రము ప్రమాదము.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములతో కూడిన ఉద్దానములో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి విరివిగా కలదు. దాని కారణము శాస్త్రజ్ఞులకు ఇంకను పూర్తిగా అంతుపట్టలేదు. 2023లో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. ఈ వ్యాధి చాలకాలము ఏ లక్షణమును చూపకుండ లోలోపల పెరుగును. అందుచేత ఆ ప్రాంతమువారు పంటినొప్పికి దుకాణములో తమంతట తాము మాత్రలు కొని మ్రింగుట అపాయకరము. పన్ను తీయకమునుపే, "మా ఊరు ఉద్దానము, మూత్రపిండముల పరీక్ష చేయించలేదు" అని వైద్యునికి చెప్పవలెను. ఆయన చెప్పిన మోతాదులో పారాసిటమాల్ అట్టివారికి సాధారణముగా మేలైనది. మధుమేహము, గుండెజబ్బు, రక్తము పలుచబడుటకు వాడు మందులు ఉన్నచో వానిని గూర్చియు ముందే చెప్పవలెను. ఆ మందులను స్వయముగా ఆపివేయరాదు.

ఇతర చికిత్సల పిదప

పుప్పిని నింపించుకొన్నవారు నింపిన పదార్థమేదో అడిగి తెలిసికొనవలెను. పాదరస మిశ్రమము పూర్తి బలము పొందుటకు ఒక దినము పట్టును. అంతవరకు ఆ ప్రక్క గట్టివి నమలరాదు. కాంతితో గట్టిపరచు పదార్థము వెంటనే బిగియును. వేరుకాలువ చికిత్స జరిగిన దవడపన్ను పెళుసుగా ఉండును గనుక తొడుగు వేయించుట ఆలస్యము చేయరాదు. గార తీయించుకొన్న పిదప కొన్ని దినములు పండ్లు జివ్వుమనును. గార తీసినందున పండ్లు కదలునన్నది అపోహ. గార క్రింద చిగురు, ఎముక అదివరకే తరిగియుండుటయే కదలికకు కారణము.

పై పన్ను తీయించినచో కంటిచూపు పోవునన్న భయము మరియొక అపోహ. పై పండ్లకు స్పర్శ నిచ్చునది అయిదవ కపాల నాడి శాఖ. చూపునకు ఆధారము రెండవ కపాల నాడి. ఈ రెండును వేరువేరు మార్గములలో మెదడును చేరును. ఈ భయముచేత చీముపట్టిన పన్నును దాచుకొనుటయే నిజమైన ప్రమాదము.

ఆలస్యము చేయరాని గుర్తులు

దూదిగుడ్డను అరగంట చొప్పున రెండుసార్లు అదిమినను రక్తము ఆగకున్నను, మూడు దినముల పిదప వాపుగాని నొప్పిగాని పెరిగినను, జ్వరము వచ్చినను వైద్యుని చూడవలెను. నోరు తెరచుట, మ్రింగుట, ఊపిరి పీల్చుట కష్టమైనచో క్షణము ఆలసింపక పెద్ద ఆసుపత్రికి పోవలెను.

మరియొక గుర్తు నెమ్మదిగా కనబడునది గనుక సులభముగా ఉపేక్షింపబడును. పన్ను తీసి మూడు వారములైనను గుంట మానక, కండ పెరుగుచున్నచో దానిని పరీక్ష చేయించవలెను. పొగాకు వాడు వృద్ధులలో పన్ను కదలుటకు ఒక్కొక్కప్పుడు చిగురులోని క్యాన్సరే కారణమై ఉండును. అంగిలిపైనగాని బుగ్గలోగాని రెండు వారములు దాటిన మచ్చకు, పుండునకు ఈ నియమమే వర్తించును. తొలిదశలో గుర్తించినచో క్యాన్సరు నయమగు అవకాశము చాల ఎక్కువ.

తరతరాల అలవాటు చెప్పినంతమాత్రమున పోవునా అని కొందరు సందేహింతురు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందిపై జరిగిన ప్రయోగ ఫలితములు 1986లో వెలువడినవి. ఏటేట నోరు పరీక్షించి, ఓపికతో హితము చెప్పినచోట అలవాటు మానినవారు హెచ్చిరి, తెల్లమచ్చలు తగ్గినవి. అనగా మాటకు బలము కలదు. పాఠశాలలో రక్తము గడ్డకట్టు విధమును నేర్చుకొన్న విద్యార్థి, పన్ను తీయించుకొని వచ్చిన నాయనమ్మకు ఆ గడ్డ కథను చెప్పి, ఆనాటి చుట్టను ప్రక్కన పెట్టించగలిగినచో ఆ పాఠము సార్థకమైనట్లే.