ఊళతో కాదు.. చుట్టుముట్టి భయపెడుతుంది! బ్యాండ్ వాయించే ఈ తోడేళ్ల కథేంటి?

తోడేలు అనగానే కొండ మీద నిలబడి, చంద్రుడి వైపు తలెత్తి ఊళ పెట్టే సీనే గుర్తొస్తుంది. సినిమాల పుణ్యం అది. అమెరికన్ కంపోజర్ క్రిస్టఫర్ రౌస్ మాత్రం తోడేలును వేరేలా పట్టుకున్నారు. 2006లో ఆయన రాసిన 'వుల్ఫ్ రౌండ్స్' నమ్ముకున్నది ఊళను కాదు, చుట్టూ తిరగడాన్ని.

ఇది కాన్సర్ట్ బ్యాండ్ కోసం రాసిన పీస్. వయొలిన్లు ఉండవు. క్లారినెట్, ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా, డ్రమ్స్.. మన పెళ్లి బ్యాండ్‌కు దూరపు చుట్టమే అనుకోండి, కాకపోతే కుర్చీల్లో కూర్చుని నోట్స్ చూసి వాయిస్తారు. యూనివర్సిటీ ఆఫ్ మయామీ విద్యార్థుల బ్యాండ్ 2007 మార్చిలో న్యూయార్క్‌ కార్నెగీ హాల్‌లో దీన్ని మొదటిసారి వినిపించింది. నిడివి సుమారు 17 నిమిషాలు.

పేరు వెనక ఓ చిన్న మెలిక ఉంది. తిరిగి తిరిగి వచ్చే చిన్న చిన్న ట్యూన్లతో పీస్ అంతా అల్లాలనేది రౌస్ ఆలోచన. అందుకే 'లూప్స్' అని పెడదామనుకున్నారు. మరీ సాదాగా అనిపించింది. అచ్చం అలాగే కనిపించే ఫ్రెంచ్ మాట ఒకటి తట్టింది. దానర్థం తోడేళ్లు! సంగీతం కూడా వేటాడే జంతువులాగే ఉండటంతో ఆ పేరు అతికిపోయింది.

మరి అది పనిచేసేదెలా? లాల్‌గడి మలక్‌పేట్ లాంటి ఊళ్లలో బోనాలప్పుడు డప్పు విన్నవాళ్లకు ఈజీగా అర్థమవుతుంది. గుండ్రంగా నిలబడి ఒకే దరువు మళ్లీ మళ్లీ కొడతారు. ఒకరు దరువు మార్చగానే అందరూ అందులోకి దూకుతారు. రౌస్ దగ్గరా ట్యూన్ తిరిగి తిరిగి మరో ట్యూన్‌గా మారుతుంది. తేడా ఒక్కటే. డప్పులో అందరి దెబ్బా ఒక్కచోట పడుతుంది. ఇక్కడ ఒక్కో లూప్ పొడవు ఒక్కోలా ఉంటుంది. ఉదాహరణకు ఒకటి 4 దెబ్బలది, ఇంకోటి 5 దెబ్బలది అనుకోండి. రెండూ మళ్లీ కలిసేది 20వ దెబ్బ తర్వాతే. ఈలోగా ఏది ఎటు నుంచి వస్తుందో చెవికి అందదు. మంద మధ్యలో చిక్కిన గొర్రె పరిస్థితి మనది!

వినాలనుకుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో ట్యూబా, బాస్ డ్రమ్ సగం మాయమైపోతాయి.

అసలు తోడేలు విషయానికొస్తే, మన దగ్గర సీన్ రివర్స్. చుట్టూ దారులు మూసుకుపోతున్నది దానికే. దక్కన్‌లో తోడేలు ఎక్కువగా బతికేది దట్టమైన అడవిలో కాదు.. తుప్పలు, గడ్డి ఉండి గొర్రెల మందలు తిరిగే ఎండు నేలల్లో. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దాన్ని పులితో పాటే షెడ్యూల్ 1లో పెట్టింది. చంపితే జైలే. కానీ అది తిరిగే నేలను మనం పిలిచే పేరు బీడు. సిటీ పెరిగినప్పుడు ప్లాట్ల రాళ్లు ముందు పడేది కూడా అక్కడే.